బంతి చేయి వదిలేదాకా

పెద్ద అంబర్‌పేట్‌లో విజయవాడ హైవేను ఔటర్ రింగ్ రోడ్డు కలిసే చోట లారీల హోరు ఒక్క క్షణం ఆగదు. ఆ దగ్గర్లోనే ఒక బడి మైదానంలో పిల్లల బాస్కెట్‌బాల్ పోటీకి రిఫరీగా వెళ్లాను. ఫ్రీ త్రో వేయడానికి ఒక పిల్లవాడు గీత దగ్గరికి వచ్చి నిలబడితే, అంత హోరులోనూ మైదానం మూగబోయింది. వాడు బంతిని రెండుసార్లు నేలకు కొట్టి, ఊపిరి బిగబట్టి పైకి చూశాడు. బోర్డు 4.6 మీటర్ల దూరంలో, రింగు 3.05 మీటర్ల ఎత్తులో. గడువు 5 సెకన్లు. పరుగులూ తోపులాటలూ నిండిన ఆటలో ఒక మనిషికి దొరికే ఏకాంతం ఇదొక్కటే.

ఆ ఏకాంతానికి కాపలా రిఫరీది. గీతకూ బోర్డుకూ మధ్య గీసిన లేన్‌కు ఇరువైపులా ఎక్కువలో ఎక్కువ 5 మంది నిలబడతారు. ఎదుటి జట్టు వాళ్లు ముగ్గురు, వేసేవాడి జట్టు వాళ్లు ఇద్దరు. బంతి వాడి చేయి వదిలేదాకా వాళ్లు లేన్ గీత దాటకూడదు. ప్రేక్షకులంతా బంతిని చూస్తుంటే మేం బూట్లను చూస్తాం. ఆ మైదానం మట్టిది, గీతలు సున్నంతో గీసినవి. ఒక పిల్లవాడి మడమ లేచింది. బూటు ముందుకొస వణికింది, జరిగింది. అడుగు వెనక్కి తీసుకున్నా కాన్వాస్ మీద తెల్లటి సున్నం మిగిలిపోయింది.

వాడిది మోసం కాదు, ఆత్రం. మన ఖోఖోలోనూ ఉన్నదే ఇది. వెనక నుంచి 'ఖో' వినపడనిదే కూర్చున్నవాడు లేవకూడదు. ఉరకాలన్న తహతహను బిగబట్టుకోవడమే అక్కడ సగం ఆట.

ఈ విషయంలో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నియమం నాకు చాలా నచ్చుతుంది. బంతి బుట్టలో పడితే పక్కవాళ్ల తొందరపాటును పట్టించుకోనక్కర్లేదు. పాయింటు పాయింటే. పడకపోతేనే లెక్క చూడాలి. ఎదుటి జట్టువాడు ముందుగా జరిగి ఉంటే వేసేవాడికి ఇంకో అవకాశం ఇవ్వాలి. చివరి త్రోలో సొంత జట్టువాడు జరిగితే బంతి ఎదుటివాళ్లకు పోతుంది. ఇరుపక్షాలూ జరిగితే జంప్‌బాల్ కింద లెక్క, వంతు చూపే బాణం గుర్తు ఎవరిదైతే బంతి వాళ్లది. వేసేవాడికి మాత్రం మినహాయింపు లేదు. బంతి రింగును తాకకముందే వాడు గీత తొక్కితే, బుట్టలో పడినా పాయింటు రాదు.

అంటే ఎదుటివాడి అడుగు కదలగానే ఈల వేసేయకూడదు. వేస్తే గీత దగ్గరున్నవాడి చేయి చెదురుతుంది. ఈల పెదవుల మధ్య పెట్టుకుని, బంతి ఫలితం తేలేదాకా ఆగాలి. పిల్లల నుంచి కోరే ఓర్పునే నియమం మా నుంచీ కోరుతోంది.

ఆ ఓర్పు ఎక్కడిదాకా ఉండాలో ఆ రోజు నాకు తెలియలేదు. మొదటి మూడు క్వార్టర్లలో రెండు జట్ల పిల్లలూ ఒక అర అడుగు ముందే కదిలారు. చిన్నపిల్లలు కదా అని ఊరుకున్నాను. ఆట ఇంకో నాలుగు సెకన్లలో ముగుస్తుందనగా, రెండు పాయింట్లు వెనకబడిన జట్టుకు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. మొదటిది పడింది. రెండోది రింగుకు తగిలి ఎగిరింది. వాళ్ల జట్టువాడే అందుకుని బుట్టలో వేశాడు. కానీ బంతి చేయి వదలకముందే వాడి అడుగు లోపలికి వచ్చింది. ఈల వేశాను, ఆ బుట్ట చెల్లలేదు. వాళ్లు ఓడిపోయారు.

పుస్తకం ప్రకారం నా తీర్పు తప్పు కాదు. ఆట అయ్యాక ఆ పిల్లవాడు దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు. "సార్, ఇంతసేపు అందరం జరిగినం, ఏమన్లేదు. ఇప్పుడే ఎందుకన్నరు?" వాడి కళ్లలో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

నియమం పుస్తకంలో ఉంటే సరిపోదని అప్పుడు అర్థమైంది. పిల్లలు పుస్తకాన్ని చదవరు, మన ఈలను చదువుతారు. మూడు క్వార్టర్లు నేను మౌనంగా ఉండి, అర అడుగు జరగవచ్చని వాళ్లకు నేర్పాను. నేర్పినదానికే చివర్లో శిక్ష వేశాను. జాలి అనుకున్నది నిజానికి నా బద్ధకం.

అప్పటి నుంచి మొదటి ఫ్రీ త్రోకి ముందే లేన్‌లో నిలబడ్డవాళ్లతో ఒక మాట చెబుతున్నాను: "బంతి చేయి వదిలాకే రండి." సగం తప్పులు ఆ ఒక్క మాటతోనే ఆగుతాయి. అయినా జరిగి, బంతి పడకపోతే, మొదటి క్వార్టరైనా, స్కోరు ఎంతైనా, జట్టు ఏదైనా ఈల వేస్తాను. మొదట్లో పిల్లలు విసుక్కుంటారు. రెండో క్వార్టర్‌కల్లా మడమలు నేలమీద నిలుస్తాయి.

బడి పోటీలకు ఈల పట్టుకుని వెళ్లే తోటివాళ్లకు నాదొక విన్నపం. చివరి నిమిషంలో ఏది తప్పని అంటారో, దాన్ని మొదటి నిమిషంలోనే తప్పనండి. ఓడిన పిల్లవాడు ఇంటికి వెళుతూ, ఆట న్యాయంగానే జరిగిందని తనకు తాను చెప్పుకోగలగాలి.