గాలికి డబ్బులొద్దు

రండి, కూర్చోండి. ఆ బల్ల మీదున్న రిమ్ము కాస్త పక్కకి జరిపేయండి. టీ చెప్పాను, వచ్చేస్తుంది. మీ సైకిలుకి గాలే కదా? పంపు అదిగో, కొట్టుకోండి. డబ్బులొద్దు. మా నాన్న విశాఖ మల్కాపురంలో ఈ కొట్టు పెట్టిన రోజు నుంచీ పంక్చరుకి తీసుకున్నాం, ఓవరాయిలింగుకి తీసుకున్నాం గానీ గాలికి మాత్రం ఒక్క పైసా తీసుకోలేదు. ఎందుకో టీ తాగుతూ చెప్తాను.

మా చిన్నప్పుడు ఈ రోడ్డుకి గడియారం షిప్‌యార్డు సైరనే. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ మొదలుపెట్టిన యార్డు అది. యార్డు చేతులు మారినా మా పక్క కూడలికి సింధియా అన్న పేరు అలాగే ఉండిపోయింది. 1948 మార్చి 14న నెహ్రూ గారు ‘జల ఉష’ ఓడని నీళ్లలోకి దింపింది అక్కడే. తర్వాత 1957లో రిఫైనరీ వచ్చింది. సైరను మోగిందంటే చాలు, రోడ్డు నిండా సైకిళ్లే. క్యారియరుకి టిఫిను గిన్నె, హ్యాండిలుకి సంచి. ఎవరి చైను కవరు ఎలా గలగలలాడుతుందో మా నాన్నకి తెలుసు. తల ఎత్తకుండానే “ఏం బాబూ, పాపకి జ్వరం తగ్గిందా?” అని అడిగేవారు. అవతలి మనిషి కాలు నేల మీద ఆనించి, సీటు దిగకుండానే జవాబు చెప్పి కదిలిపోయేవాడు. సైకిలు మీద పోయే మనిషి ఎప్పుడూ పిలుపు అందేంత దూరంలోనే ఉంటాడు. నాకు సైకిలంటే ఇంత ఇష్టం అందుకే.

ఇక గాలి సంగతి. నెల మొదట్లో మా కొట్టుకి పంక్చర్లు ఎక్కువ, నెలాఖరుకి గాలి ఎక్కువ. చిన్నతనంలో నాకిది అర్థం కాలేదు. నాన్న చెప్పారు: “జీతం అయిపోయినవాడు పంక్చరు వేయించుకోలేడురా. ట్యూబులో సన్నటి చిల్లి ఉంటుంది. రోజూ పొద్దున్న గాలి కొట్టుకుని డ్యూటీకి పోతాడు, సాయంత్రం మళ్లీ కొట్టుకుని ఇంటికి పోతాడు. ఆ నాలుగు రోజులూ వాడి ఉద్యోగాన్ని నిలబెట్టేది ఈ పంపే. దానికి డబ్బులెలా అడుగుతాం?” ఒకటో తారీకు దాటాక అదే మనిషి నవ్వుతూ వచ్చి ట్యూబు విప్పించేవాడు. నీళ్ల తొట్టిలో ముంచితే బుడగలు చెప్పేసేవి, ఆ చిల్లి ఎన్నాళ్ల నాటిదో.

అసలు టైరులో గాలి నింపడమన్నది వాడుకలోకి వచ్చింది కూడా ఒక తండ్రి కొడుకు కోసం చేసిన పని వల్లే. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు, తన పిల్లాడి మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. ఆ గాలి మీదే ప్రపంచమంతా ఇవాళ తిరుగుతోంది.

మన ఊరి గాలి సంగతి వేరే చెప్పాలి. ఇక్కడ ఉక్కు చేస్తాం, దాన్ని సముద్రం తినేస్తుంది. మామూలు నల్ల సైకిలుకి ముందు చక్రంలో 32 చువ్వలు, వెనక చక్రంలో 40. మిగతా ఊళ్లలో అవి ఏళ్ల తరబడి ఉంటాయి. ఇక్కడ రెండు వానాకాలాలు పట్టించుకోకపోతే ఉప్పుగాలికి తలల దగ్గర పుచ్చి, వీలు బెండు తీస్తుంటే టప్పున తెగిపోతాయి. అందుకే బీచ్ రోడ్డులో తిరిగొచ్చిన వాళ్లందరికీ ఒకటే చెప్తాను. ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడవండి. చైనుని కిరసనాయిలుతో కడిగి, ఆరాక చుక్క చుక్కగా నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయండి. నూనె ఎక్కువైతే ఇసుక పట్టేస్తుంది. పది నిమిషాల పని, సైకిలుకి పదేళ్ల ఆయుష్షు.

గాలి మన మీద పగబట్టిన రోజూ చూశాం. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. మర్నాడు తలుపు తీస్తే ఊళ్లో నిలబడ్డ చెట్టు లేదు. కరెంటు లేదు, ఫోను పలకదు, పెట్రోలు బంకుల దగ్గర చాంతాడంత వరసలు. అప్పుడు మెట్ల కింద నుంచి, మేడ మీద నుంచి, ఎప్పుడో మరిచిపోయిన సైకిళ్లు దిగొచ్చాయి. నా కొట్టు రేకులు ఎగిరిపోయాయి. ఎండలోనే కూర్చుని పొద్దున్నుంచి చీకటి పడేదాకా ట్యూబులు మార్చాను. పాల ప్యాకెట్లు, మంచినీళ్లు, మందులు, ‘మీ అమ్మగారు బాగానే ఉన్నారు’ అన్న కబురు, అన్నీ సైకిలు మీదే వెళ్లాయి. దారిలో చెట్టు అడ్డొస్తే సైకిల్ని భుజాన వేసుకుని దాటేవారు. ఆ వారం నా పంపు ఆగలేదు.

ఉక్కు ఫ్యాక్టరీ గురించి చెప్పకుండా మన ఊరి సైకిలు కథ పూర్తి కాదు. 1966లో ప్రాణాలిచ్చి అడిగారు మనవాళ్లు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. కట్టుబడి రోజుల్లో పనికి వచ్చినవాళ్లు మా నాన్న దగ్గర పాత సైకిళ్లు కొన్నారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు దాన్ని జాతికి అంకితం చేసేనాటికి వాళ్లలో చాలామంది స్కూటర్ల మీద వచ్చి పలకరించారు. నాన్న సంతోషించారు. బేరం పోయిందని ఒక్క మాట అనలేదు, మనిషి ఎదిగాడని అన్నారు.

ఇప్పుడు నా దగ్గరికి రెండు రకాల సైకిళ్లు వస్తాయి. ఒకటి ఆదివారం సైకిలు. గేర్లు, హెల్మెట్టు, తెల్లారకముందే బీచ్ రోడ్డు నుంచి భీమిలి దాకా వెళ్లొచ్చే డాక్టర్లు, ఇంజనీర్లు, కాలేజీ పిల్లలు. వాళ్లని చూస్తే నా కడుపు నిండుతుంది. రెండోది సోమవారం సైకిలు. వాచ్‌మన్, కాంట్రాక్టు కూలీ, పేపరు వేసే కుర్రాడు, చేపల బుట్ట కట్టుకున్న పెద్దాయన. ఆదివారం సైకిలుకి పొద్దున్నపూట రోడ్డు దొరుకుతోంది. సోమవారం సైకిలు మాత్రం రేవుకి పోయే కంటైనరు లారీల పక్కన, రోడ్డు అంచున, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని పోతోంది. గాజువాక దారిలో వీళ్లకంటూ రెండు మూరల జాగా గీసి ఇవ్వమని నేను అడగని మనిషి లేడు. ఆదివారం వాళ్లతో కూడా చెప్తుంటాను: బాబూ, మీ మాట వింటారు, వీళ్ల కోసం కూడా అడగండి. ఈ పంపు దగ్గర ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు. ఆ మధ్య ఓ ఇంజనీరు తన వంతు వదిలేసి, చేపల పెద్దాయన టైరుకి తనే గాలి కొట్టిచ్చాడు. ఆ తర్వాత ఇద్దరూ కనిపిస్తే చెయ్యి ఊపుకుంటున్నారు.

టీ చల్లారిపోతోంది, తాగండి. ఇంకొక్క మాట. రాత్రి షట్టరు వేశాక ఈ పంపుని లోపల పెట్టను, గొలుసుతో స్తంభానికి కట్టి బయటే వదిలేస్తాను. పది గంటలకి సి షిఫ్టుకి పోయేవాళ్లకి అవసరం పడుతుంది. పొద్దున్న వచ్చి చూస్తే కొన్నిసార్లు లోపలి తోలు వాషరు కొబ్బరి నూనెతో మెత్తగా తడిసి ఉంటుంది. ఎండిపోతే గాలి ఎక్కదని తెలిసినవాళ్లెవరో వేసిపోతారు. ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు.