పొగ ఎటు పోతది?

డిసెంబరు వచ్చిందంటే ఆదిలాబాద్‌లో పొద్దున్నే దుప్పటి తీయాలంటేనే ధైర్యం కావాలి. ఇక స్నానం సంగతి చెప్పేదేముంది! ఆ ఇంట్లో 15 లీటర్ల గీజరు ఉంది. ఇంటర్‌ చదివే అమ్మాయి స్నానం ముగించేసరికి అది ఖాళీ. తర్వాత అబ్బాయి, ఆ తర్వాత ఆయన. మళ్లీ నీళ్లు కాగేదాకా భుజాన తువ్వాలు వేసుకుని నిలబడాల్సిందే. ఆవిడ వంతు వచ్చేసరికి పొయ్యి మీద కూర మాడుతుంటుంది. చన్నీళ్లే గతి.

ఈ బాధ పడలేక ఆయన ట్యాంకు లేని గీజరు పెట్టిద్దామనుకున్నారు. కరెంటుదైతే 3 కిలోవాట్లు, అంటే 13 ఆంపియర్లు లాగుతుంది. ‘ఈ పాత వైరింగు ఆగదు సార్‌’ అన్నాడు ఎలక్ట్రీషియన్‌. దాంతో గ్యాసు గీజరు కొన్నారు. చూడ్డానికి గోడకు తగిలించే చిన్న పెట్టె. నల్లా తిప్పగానే నీటి ఒత్తిడికి గ్యాసు వాల్వు తెరుచుకుంటుంది. బ్యాటరీలతో నిప్పురవ్వ పుట్టి మంట అంటుకుంటుంది. దానిపైన ఉన్న రాగి గొట్టాల్లోంచి వస్తూనే నీళ్లు కాగిపోతాయి. నిమిషానికి 6 లీటర్లు!

ఆదివారం మెకానిక్‌ వచ్చాడు. స్నానాల గదిలోనే గోడ చూపించి ‘ఇక్కడైతే పైపు ఖర్చు తక్కువ’ అన్నాడు. ఆ గది కిటికీకి చలిగాలి రాకుండా ఎప్పుడో ప్లాస్టిక్‌ షీటు కొట్టి ఉంది. డ్రిల్లింగ్‌ మిషన్‌ చప్పుడుకి, ఎండలో కూర్చున్న ఆయన తల్లి లేచి వచ్చింది.

‘‘దీనిల మంట ఉంటదా?’’

‘‘ఉంటదమ్మా.’’

‘‘మరి పొగ ఎటు పోతది?’’

ఆయన నవ్వారు. ‘‘గ్యాసుకు పొగెక్కడిదే అమ్మా!’’

ఆమె నవ్వలేదు. ‘‘కుంపటికి మాత్రం పొగ ఉండెనా? నువ్వు పుట్టినప్పుడు చలి అని బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసిన్రు. తెల్లారేసరికి నాకు తల లేస్తలేదు. మీ నాయినమ్మ వచ్చి తలుపులు తీస్తే ఇద్దరం బతికినం.’’

యాభై ఏళ్లలో ఆమె ఈ మాట చెప్పడం అదే మొదటిసారి. డ్రిల్లింగ్‌ ఆగిపోయింది.

అమ్మాయి గీజరుతో వచ్చిన పుస్తకం తెరిచింది. మూసిన గదిలో అమర్చవద్దని అందులో ఉంది. గాలి చాలకుండా మండితే కార్బన్‌ మోనాక్సైడ్‌ పుడుతుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ తను చదువుకున్నదే. వంటగ్యాసు లీకైతే తెలియాలని వాసన కలుపుతారు. దీనికి ఆ హెచ్చరిక కూడా ఉండదు. రక్తంలో ఆక్సిజన్‌ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, ఆపైన స్పృహ తప్పడం. గడియ పెట్టుకున్న గదిలో ఆ మనిషి పడిపోయినా బయటివాళ్లకి తెలియదు.

తన పాత ఇంట్లో రాగి బాయిలర్‌ పెరట్లో ఎందుకు ఉండేదో ఆయనకి అప్పుడు అర్థమైంది. మంట బయట ఉండాలి, నీళ్లు మాత్రం లోపలికి రావాలి. అంతే!

గీజరు వెనక గోడకి, బయట సజ్జా కింద తగిలించారు. సిలిండరూ అక్కడే. గోడకి చిన్న రంధ్రం చేసి వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెచ్చారు. పైపు కాస్త ఎక్కువే పట్టింది. కిటికీకి కొట్టిన ప్లాస్టిక్‌ షీటు కూడా పీకేశారు.

ఇప్పుడు ఆ ఇంట్లో క్యూ లేదు. అందరూ తయారై వెళ్లాక ఆవిడ తీరిగ్గా వేడినీళ్లు పోసుకుంటోంది. అత్తగారు మాత్రం రోజూ పొద్దున్నే ఒకసారి వెనక్కి వెళ్లి, సజ్జా కింద గాలికి అడ్డంగా ఎవరైనా గోనెసంచి లాంటిదేమన్నా వేలాడదీశారేమో చూసి వస్తుంది.