కథలలోని ఫ్రీమేసనులు

ఫ్రీమేసనుల మందిరమును సామాన్యజనులు జాదూఘర్ అందురని కిప్లింగు 1901లో ‘కిమ్’ నవలయందు వ్రాసెను. ఆయన స్వయముగా 1886లో లాహోరున ఆ సమాజమునఁ జేరినవాఁడు. మన హైదరాబాదున తానాషా కాలపు గోషామహలు బారాదరి 1872 నుండి వారి మందిరమై యున్నది.

హైటెక్ సిటీలో ఉద్యోగియగు నా పూర్వశిష్యుఁడొకఁడు డాన్ బ్రౌన్ 2009లో ప్రకటించిన ‘ది లాస్ట్ సింబల్’ చదివెను. తన కార్యాలయమందలి పెద్దయొకరు మేసనని తెలిసి, వారితోఁ గూడి భుజించుటకు జంకుచుండెను. “అయ్యగారూ, వీరు నిజముగాఁ గపాలమునఁ బోసికొని ద్రాక్షరసము త్రాగుదురా?” అని నన్నడిగెను. ఆ నవల మేసనులను సజ్జనులుగనే చిత్రించినది. కాని చదువరి మనస్సున నిలుచునది కపాలమే గదా! అమెరికాలో క్రిస్టఫర్ హోడాప్ అను సభ్యుఁడు ఆ నవలలోని సంగతులను విప్పి చెప్పుచు 2010లో ఒక పుస్తకమునే వ్రాసెను. నాకదియే మేలైన జవాబుగాఁ దోఁచును.

“వారినే యడుగుము” అంటిని. ఆ పెద్ద నవ్వి, తమది రహస్యసంఘము కాదనియు, కొన్ని రహస్యములుగల సంఘమనియు సెలవిచ్చిరఁట. అన్ని దేశముల మేసనులును చెప్పు మాటయే యిది. చమత్కారముగ నున్నది గాని, కపాలము సంగతి తేలలేదు. మా శిష్యుఁడు మాత్రము మఱునాఁటినుండి వారి బల్లయొద్దనే భుజించుచున్నాఁడు.