పండుగనాటి పానీయము

ఇంటికి వచ్చిన అతిథికి మొదట మంచినీళ్లిచ్చుట మనవారి ఆచారము. పండుగనాడు వచ్చినవారిని వట్టి నీళ్లతో పంపుటకు మనసొప్పదు. మరియేదో ఒకటి ఈయవలెను. ఆ ఇచ్చుట పుచ్చుకొనుట అనెడు చిన్న పనిలో మేము ఈ సంవత్సరము రెండుమారులు తప్పు చేసితిమి. మొదటిసారి మాటలాడవలసినచోట మాటలాడమైతిమి. రెండవసారి ఊరకుండవలసినచోట ఉపన్యసించితిమి.

మొదటిది ఆంగ్ల సంవత్సరాదినాటి సంగతి. హైదరాబాదున మా దగ్గరి బంధువుల ఇంట విందు. ఆ యింటి కుమారుడు విదేశమున నాలుగేండ్లుండి తిరిగి వచ్చినవాడు. అతడు వంటయింటి గట్టుపై సీసాలు బారుగా నిలిపి, మంచుగడ్డలు, నిమ్మచెక్కలు, పుదీనా రెబ్బలు, దానిమ్మగింజలు సిద్ధపరచుకొని, మూతగల ఉక్కుపాత్రలో వానిని కలిపి గిలకొట్టి పలురంగుల పానీయములు గాజుపాత్రలలో పోయుచుండెను. వీనిని కాక్‌టెయిల్ అందురని మాకు చెప్పిరి. ఆ మాటకు కోడితోక అని అర్థమని ఆంగ్లము బోధించువారమగుటచే మాకు తెలియును. కోడితోకకును పానీయమునకును పొత్తెట్లు కుదిరెనో ఆంగ్ల పండితులే ఏకాభిప్రాయమునకు రాలేదు. మేము బత్తాయిరసము పుచ్చుకొని ఒక మూల కూర్చుంటిమి. నూనూగు మీసముల మేనల్లుడొకడు రెండవ గ్లాసు అందుకొనుచుండగా చూచితిమి. చూచియు, "రంగు బాగున్నది" అని మాత్రమంటిమి.

మద్యమునుగూర్చి మాకు అభిప్రాయము లేక కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు సారాదుకాణమునకు అడ్డునిలిచిన కథ మేము ప్రతి సంవత్సరము తరగతిలో చెప్పుదుము. ఆ యుద్యమము రాష్ట్రమంతటను ప్రాకి 1993 అక్టోబరులో సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినదనియు, 1997లో ఆ నిషేధము సడలినదనియు పిల్లలచేత వ్రాయింతుము. నల్లబెల్లముతో కాచిన గుడుంబా ఈ ఉత్తర తెలంగాణమున ఎన్ని కొంపలు తీసినదో కన్నులార చూచినవారము. అయినను ఆ రాత్రి ఆ చల్లని గదిలో మా నోట మాట పెగలలేదు.

ఇక రెండవది ఉగాదినాటిది. మా ఆదిలాబాదు పండుగ పానీయములకు పేదది కాదు. తెలంగాణమున ఉగాదిపచ్చడి నంజుకొనునది కాదు, త్రాగునది. క్రొత్తకుండలో చింతపండు నీరు, బెల్లము, మామిడి తురుము, వేపపువ్వు కలిపి గ్లాసులతో పంచిపెట్టుదురు. మా వీథిలోని మరాఠీవారు చైత్రమున పసుపుకుంకుమలకు పేరంటాండ్రను పిలిచి, పచ్చిమామిడికాయ నుడికించి బెల్లముతో చేసిన పన్హె ఇచ్చెదరు. ఆశ్వయుజ పూర్ణిమనాడు వెన్నెలలో కుంకుమపువ్వు పాలు కాచుదురు. రంజాను నెలలో ప్రక్క యింటి ముస్లిము మిత్రులు ఉపవాసము విడుచువేళకు పంపు షర్బతుకొరకు మా పిల్లలు ఉపవాసము లేకయే కాచుకొని యుందురు. ఇన్ని యిండ్ల పానీయములు పుచ్చుకొన్న మేము ఒక్క యింటిదానిని మాత్రము గుమ్మములోనే త్రిప్పి పంపితిమి.

వసతిగృహమున ఉండి మా బడిలో తొమ్మిదవ తరగతి చదువు గోండు బాలుడొకడు కలడు. ఉగాదినాటి ఉదయమున వాని తాత వానిని వెంటబెట్టుకొని ఉట్నూరు ప్రాంతపు పల్లెనుండి మా యింటికి వచ్చెను. చంకలో ఎండిన ఇప్పపువ్వు బుట్ట. చేతిలో గుడ్డ చుట్టిన సీసా. వసారాలో ఇరుగుపొరుగువారు పచ్చడి త్రాగుచుండిరి. ముసలివాడు సీసా మూత తీసి, రెండు చుక్కలు నేలపై వంచి, మావైపు చాచెను. "కొత్త పువ్వుది సారూ. దేవునికి పోసినంక మీకని తెచ్చిన" అనెను.

ఆ వాసన తగిలినంతనే మాలోని సంస్కర్త లేచి నిలుచుండెను. బ్రాహ్మణుడు త్రాగరాదని మనువు చెప్పిన గౌడి, పైష్టి, మాధ్వి అను మూడు సురలలో మాధ్వి ఇప్పపువ్వునుండి తీసినదే యని మొదలుపెట్టి, దూబగుంటమీదుగా, విద్యార్థియెదుట సారా పట్టుకొని తిరుగు పెద్దల బాధ్యతవరకు పోయితిమి. ముసలివాడు తలవంచుకొని వినెను. వినినంతసేపు విని, సీసాకు మరల గుడ్డ చుట్టి, పువ్వుబుట్టను అరుగుమీద పెట్టి వెళ్లిపోయెను. మనుమడును వాని వెంటనే పోయెను. ఇద్దరిలో ఎవ్వరును పచ్చడి ముట్టలేదు.

అందరును వెళ్లిన తరువాత మా గృహిణి గ్లాసులు తీయుచు, "హైదరాబాదులో ఆ రాత్రి ఈ ఉపన్యాసమును ఎక్కడ దాచుకొన్నారు?" అని అడిగెను. మేము బదులు చెప్పలేదు. హైమన్‌డార్ఫ్ పండితుడు మన జిల్లా గోండులనుగూర్చి వ్రాసి 1948లో ప్రకటించిన గ్రంథము మా బీరువాలోనే కలదు. వారి పూజలలో దేవతలకును పితరులకును ఇప్పసారా ధారవోయుదురని అందున్నది. చదివితిమి, గీతలు కూడ గీచితిమి. మనిషి గుమ్మములో నిలిచినప్పుడు ఆ గ్రంథము గుర్తుకు రాలేదు. ఇప్పసారాను వారసత్వ మద్యముగా అమ్మించెదమని 2021లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి ప్రకటించెను. అదే పువ్వు చక్కని చీటీగల సీసాలో మా బంధువుల గట్టుమీద నిలిచియుండిన, దానిని కూడ రంగు బాగున్నదనియుందుము కాబోలు.

బాలుడు మరునాడు బడికి రాలేదు; ఆ మరునాడును రాలేదు. శనివారము సాయంకాలము బయలుదేరి, రాత్రి ఉట్నూరులో మిత్రుని ఇంట నుండి, ఆదివారము తెల్లవారకమున్నే ఆ పల్లె చేరితిమి. ముసలివాడు ఇంట లేడు, చెట్లక్రింద ఉన్నాడనిరి. అమరకోశము వల్లించిన నాళ్లలో మధూకమునకు గుడపుష్పము, మధుద్రుమము, వానప్రస్థము అను పర్యాయములు కంఠస్థము చేసితిమి గాని, పువ్వు రాలువేళ ఆ చెట్టుక్రింద నిలుచుట మాకు అదే మొదలు. ఆకు రాలిన కొమ్మలనుండి మీగడరంగు పువ్వులు టపటప పడుచుండెను. పువ్వన్న మాటయేగాని చేతికి చిన్న పండువలె మెత్తగా, జిగటగా తగులును. పువ్వు కనబడుటకై చెట్టుక్రింది నేల నూడ్చి శుభ్రముగా ఉంచిరి. బాలుడు మమ్ము చూచి, తల త్రిప్పుకొని ఏరుకొనుచునే యుండెను.

మేమును వంగి ఏరుట మొదలుపెట్టితిమి. కొంతసేపటికి ముసలివాడే నోరు విప్పెను. "సారూ, నా కొడుకును తిన్నది గుడుంబా. వీని అయ్యనే. మీరు చెప్పింది నాకెరుకే. ఇది దొప్పెడే. దేవునికి, పెద్దలకు, ఇంటికొచ్చిన సుట్టానికి. మీరు తాగకుంటే తాగకపోండ్రి. చేతవట్టుకొని భూమికి రెండు సుక్కలు పోస్తె అయిపోవు గదా."

బాలుని తండ్రి లేడని బడి పుస్తకములో ఉన్నది. ఎట్లు పోయెనో మేము ఎన్నడును అడుగలేదు. "తప్పయినది పెద్దయ్యా" అంటిమి. శ్రీరామనవమికి మా యింటికి రావలెనని, మనుమని తోడి తేవలెనని వేడుకొంటిమి. అతడు సరేననలేదు, కాదనలేదు.

ఇంటికి వచ్చి చూతుము గదా, మా గృహిణి ఆ బుట్టెడు పువ్వుతో పండుగకు పానకము చేయ సంకల్పించియున్నది. ఎండిన ఇప్పపువ్వు బరువులో సుమారు సగము చక్కెరయే. బెల్లమక్కరలేదని ఆమె లెక్క. పువ్వు దులిపి, కడిగి, రాత్రి కుండలో నానవేసెను. ఎండకాలపు రాత్రి. తెల్లవారి మూత తీయగా కుండనిండ నురుగు. పువ్వుననుసరించి వచ్చిన సూక్ష్మజీవులు మా అనుమతి అడుగకయే పని మొదలుపెట్టినవి. సంస్కర్తగారి వంటయింట సారాకు తొలిమెట్టు సిద్ధమయ్యెను! ఆమె దానిని పెరటిలో పారబోసి, మరుసటిసారి నానబెట్టకుండ పువ్వును వేడినీళ్లలో నుడికించి, వడకట్టి, చల్లార్చి, మిరియాలు, శొంఠి, ఏలకులు వేసి, కొంచెము నిమ్మరసము పిండెను. రంగు పలుచని కాఫీవలె నుండెను. ఇప్పవాసన కొందరికి గిట్టదు. మా పెద్దకూతురు ముక్కు మూసికొని త్రాగి, రెండవ గ్లాసు ముక్కు మూసికొనకయే త్రాగెను.

శ్రీరామనవమి నాడు మధ్యాహ్నము దాటిన తరువాత ముసలివాడు మనుమనితో వచ్చెను. ఉగాదినాడు వసారాలో కూర్చున్నవారే ఆనాడును కూర్చుండియుండిరి. వారియెదుటనే మేము, ఆ రోజున ఈ పెద్దమనిషిని అవమానించితిమని, తప్పు మాదేనని చెప్పితిమి. ప్రక్కయింటి గుమాస్తాగారు ఇబ్బందిగా దగ్గిరి. ముసలివాడు మాటలేమియు లేక గుడ్డ చుట్టిన సీసా తీసెను. మేము దానిని రెండుచేతుల పుచ్చుకొని, అతడు చెప్పినట్లు నేలపై రెండు చుక్కలు వంచి, మరల అతని చేతికిచ్చితిమి. అతడు మూతపెట్టి ప్రక్కన ఉంచెను.

మా గృహిణి గ్లాసు అందించెను. అతడు దానినుండియు రెండు చుక్కలు నేలకు విడిచి, తక్కినది మెల్లగా త్రాగెను.

"ఎట్లున్నది తాతా?"

"మంచిగున్నది గాని అమ్మా, పువ్వును సగంల ఆపినవు."

ఆమె నవ్వి, నురుగు పొంగిన కుండ సంగతి చెప్పెను. అతడు దగ్గు వచ్చునంతవరకు నవ్వెను, మనుమడును నవ్వెను. పెరటిలో పారబోసితిమని వినినప్పుడు మాత్రము, ఎన్ని సేర్ల పువ్వని అడిగి, కొంతసేపు నొచ్చుకొనెను.