కుటుంబము మారిన చిప్పు

చిన్న పరికరములకు మెదడువంటి మైక్రోకంట్రోలరు చిప్పులలోను కుటుంబములు గలవు. మేడమీది నీళ్లతొట్టి నిండగానే గంట మ్రోగించు పరికరమును నేను ఏవీఆర్ కుటుంబపు ఏటీమెగా 328పి చిప్పుతోనే చేయుచుంటిని. 2021లో లోకమంతట చిప్పుల కఱవు వచ్చి అది దొరకకపోయెను. పిక్ కుటుంబపు 16ఎఫ్886 మాత్రము దొరకెను. నేర్చిన విద్యయంతయు వ్యర్థమగునేమో యని దిగులుపడితిని.

పిక్ చిప్పులు చేయు మైక్రోచిప్ సంస్థయే 2016లో ఏవీఆర్ చేయు అట్మెల్‌ను కొనినది. అయినను ఆ వియ్యమువలన వాని వరుసలు కలియలేదు. రెంటికిని 28 కాళ్లే; కాని మొదటిదానికి 7, 20 కాళ్లకు విద్యుత్తు నీయవలెను. రెండవదానికి 20వ కాలికే. దాని 7వ కాలు సంకేతములకు. కావున పాత పలకలో క్రొత్త చిప్పును గ్రుచ్చరాదు.

పటము మార్చుటకు కీకాడ్ అను ఉచిత సాఫ్టువేరు చాలును. అందు పూర్తిపేరు దొరకనిచో నడిమి ముక్కతో వెదకవలెను. కొనునపుడు పేరుచివరి అక్షరములను గమనింపుడు: ఎస్‌పీ యనిన రంధ్రములలో గ్రుచ్చునది, ఎస్‌ఓ యనిన పలకపై నతుకునది. పటములోని గుర్తు వేఱు, పలకపై కాళ్లకు విడుచు చోటు వేఱు. రెంటిని తయారీదారుల వివరపత్రముతో సరిచూడవలెను.

ప్రోగ్రాములో రిజిస్టర్ల పేర్లు మారినవి. నీరు నిండుట, గంట మ్రోగుట యను తర్కము మారలేదు. ఇల్లు మారినను చేతిలోని వంట మనతోనే వచ్చును గదా!