ఫాల్స్ క్రీక్‌లో తెడ్ల చప్పుడు

కెనడా పశ్చిమ తీరాన, వాంకూవర్ నగరం నడుమకు సముద్రం సన్నని పాయగా చొచ్చుకు వస్తుంది. దాని పేరు ఫాల్స్ క్రీక్, అంటే బూటకపు ఏరు. ఒకప్పుడు దాని ఒడ్డున రంపపు మిల్లులు పొగలు కక్కేవి. 1986లో అక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శన సందర్భంగా చైనా సంప్రదాయపు డ్రాగన్ పడవలు ఆ నీటికి వచ్చాయి. ఇరవై మంది ఇద్దరిద్దరుగా కూర్చుని తెడ్లు వేస్తారు. ముందు డప్పు, వెనుక చుక్కాని. కేరళ పడవ పందేలు చూసినవారికి ఆ లయ కొత్తది కాదు.

ఈ పాయలోనే 1996లో ఒక సాహసం జరిగింది. రొమ్ము కాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని లింఫు గ్రంథులను తొలగించడం కద్దు. ఆపైన ద్రవం నిలిచి చేయి వాచే ప్రమాదం ఉంటుంది. అందుచేత ఆ చేతితో బరువులెత్తవద్దని, శ్రమతో కూడిన పనులు పదేపదే చేయవద్దని వైద్యులు హెచ్చరించేవారు. వ్యాధి తగ్గినా స్త్రీ తన చేతికి తానే భయపడుతూ బ్రతకవలసి వచ్చేది.

బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయపు క్రీడావైద్యుడు డాన్ మెకెంజీకి ఈ నిషేధం సబబుగా తోచలేదు. ఆయన 24 మంది స్త్రీలను కూడగట్టి, మొదట వ్యాయామశాలలో క్రమంగా కండరాలను బలపరచి, పిమ్మట తెడ్లు చేతికిచ్చాడు. పందేల కాలం ముగిసేసరికి ఒక్కరికైనా కొత్తగా చేయి వాయలేదు.

ఆ జట్టు పేరు 'అబ్రెస్ట్ ఇన్ ఎ బోట్'. అనువాదకురాలినైన నాకు అది లొంగని పేరు. 'అబ్రెస్ట్' అంటే పక్కపక్కన అని అర్థం. అందులోనే రొమ్ము అనే మాటా ఒదిగి ఉన్నది. పలకడానికి నలుగురూ సంకోచించే మాటను వారు నవ్వుతూ పడవకు పేరుగా పెట్టుకున్నారు.

నేడు ఇటువంటి జట్లు అనేక దేశాలలో ఉన్నాయి. ఆ పడవలో ఎవరూ తమ కథ చెప్పుకోనక్కరలేదు. పక్కన కూర్చున్న మనిషికి అది తెలుసు. పందేల వేళ పడవలన్నీ ఒకచోట చేరుతాయి. మరణించిన సహచరుల జ్ఞాపకార్థం గులాబీరంగు పూలు నీటిలో విడుస్తారు. ఆ మౌనం తర్వాత తిరిగి తెడ్లు లేస్తాయి.

2009లో 141 మంది చేయి వాచిన స్త్రీలపై జరిగిన అమెరికన్ అధ్యయనమొకటి, శిక్షకుల పర్యవేక్షణలో మెల్లగా బరువులెత్తడం వాపును పెంచదని తేల్చింది. అయితే వైద్యుని సలహాతోనే ప్రారంభించాలి, కొద్దికొద్దిగానే పెంచాలి.

మన ఇళ్ళలో జబ్బు నుండి లేచిన ఆడమనిషిని ప్రేమతోనే మూల కూర్చోబెడతాము. ఆమెకు విశ్రాంతి ఎంత అవసరమో, తన చేతులపై నమ్మకం తిరిగి కలగడమూ అంతే అవసరం.