జీర్ణయంత్రము – మధ్యాహ్న పరీక్ష

కొలిమిగుండ్ల ప్రాంతమున భూమి పొరలు పొరలుగా సున్నపురాయి. ఈ మండలమందలి బెలుం గుహలలో జలము అదే శిలను యుగములపాటు కరిగించి 3 కిలోమీటర్లకు పైగా దారులు తొలిచినది. మానవునికి అంత ఓర్పు లేదు. అతనికి ప్రొక్లెయిన్ ఉన్నది. నాపరాతి గనిలో పైమట్టిని తొలగించునది అదియే.

ఒక గని యజమాని ఇంట అట్టి యంత్రమొకటి పదునాలుగేండ్లు అన్నము పెట్టినది. ప్రతి దసరాకు పసుపు కుంకుమలద్ది, గుమ్మడికాయ కొట్టి పూజించుచుండెను. ఇప్పుడు గొలుసు సాగినది, రోలర్లు అరిగినవి, పిన్నులు వదులైనవి. ఇవి కంటికి కనబడు వ్యాధులు. కనబడనిది హైడ్రాలిక్ పంపు. ఉదయము చల్లదనమున బాగుగనే ఎత్తును. మధ్యాహ్నము నూనె వేడెక్కి పలుచబడగానే, అరిగిన లోపలి భాగములగుండా ఒత్తిడి జారిపోయి, ఎత్తిన చేయి సగములో నీరసించును.

బాగుచేయించుటయా, అమ్ముటయా? ఆగమములలో జీర్ణోద్ధారణకు ఒక వివేకము కలదు. ఉపాంగమునకు లోపము కలిగిన సంధానము చేయవచ్చును. మహాంగము భగ్నమైన శిలాబింబమును జలమున విడువవలెను. గొలుసు, పిన్నులు ఉపాంగములు. పంపు, ఇంజను మహాంగములు. బింబమునకు లేని సౌకర్యము యంత్రమునకున్నది, పంపును మార్చవచ్చును. అయితే క్రొత్త పంపు పాత ఇంజనుతో ఎన్ని గంటలు కాపురము చేయును? మరమ్మతు వ్యయమును అమ్మకపు ధరతో పోల్చువారే అధికులు. పోల్చవలసినది మిగిలిన పనితో. ఆ గనిలో తీయవలసిన పైమట్టి ఒక ఏడాదికి మించి లేదు. కావున అమ్ముటకే నిశ్చయించెను. బ్యాంకు వాయిదాలు కూడ తొందరపెట్టుచుండెను.

కొనవచ్చినవాడు ప్రక్క గ్రామపు ట్రాక్టరు డ్రైవరు. భార్య నగలు కుదువపెట్టి సొమ్ము కూర్చుకొన్నాడు. "ఏడు గంటలకే చూపిద్దాం అన్నా, ఎండెక్కితే బేరం చెడుతుంది" అని మధ్యవర్తి చెవిలో చెప్పినాడు. అందులో అబద్ధమొక్కటియు లేదు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

మనుస్మృతి అష్టమాధ్యాయము సారహీనమైన వస్తువును, మరుగుపరచిన వస్తువును అమ్మరాదన్నది. యాజ్ఞవల్క్యుడు కొన్నదానిని పరీక్షించుటకు గడువులు విధించినాడు: లోహమునకు 1 దినము, బరువు మోయు పశువునకు 5 దినములు. ప్రొక్లెయిన్ లోహమా, ఎద్దా అని పండితులు వాదులాడవచ్చును. లోహమే అనుకొందము, ఆ ఒక్క దినములోనే మధ్యాహ్నము కూడ ఉన్నది.

యజమాని రెండు రాత్రులు నిద్రలేక గడిపి, మూడవనాడు ఆ యువకునికి తానే ఫోను చేసినాడు: "నాయనా, రెండు గంటలకు రా. ఎండలో చూడు." యువకుడు తాడిపత్రిలో మెకానిక్కైన బావమరిదిని వెంటబెట్టుకొని వచ్చినాడు. గంటసేపు త్రవ్వగానే యంత్రపు చేయి వాలినది. బావమరిది తన చేతిపని కనుక కూలి లేకుండ పంపు విప్పి బాగుచేయగలనన్నాడు. యజమానికి గిట్టని మరమ్మతు వారికి గిట్టును. పంపు సామానుల వెల తగ్గించి బేరము కుదిరినది. మధ్యవర్తి టీ త్రాగకయే వెడలిపోయినాడు.

యజమాని వాయిదాలలో రెండు ఇంకను మిగిలియున్నవి. గనికి ఇప్పుడు గంటల లెక్కన బాడుగ యంత్రము వచ్చుచున్నది; ఒక్కొక్కసారి అదే పాత ప్రొక్లెయిన్ వచ్చును.